పిట్టగోడ లేని ఇల్లు



మేమిద్దరం ఉపాధ్యాయులుగా పనిచేసినవాళ్ళం. ముప్పై ఏళ్ళకు పైగా విజయవాడలో అద్దె ఇళ్ళలో కాపురం చేశాం. 2016లో ఉద్యోగ విరమణ అయ్యాక, ఉయ్యూరుకు దగ్గరలో ఉన్న మావారి సొంత ఊరికి వచ్చి పాత ఇల్లు బాగుచేయించుకున్నాం. ఇంటి వెనుక ఇరవై సెంట్ల దొడ్డి ఉంది. అందులో చిక్కుడు, బెండ, వంగ, బచ్చలి వేసుకున్నాం. ఒక గేదె, పది పన్నెండు నాటుకోళ్ళు. వేసవిలో ఆవకాయ, మాగాయ, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు. మా అమ్మగారు చేసిన పనులన్నీ మళ్ళీ నా చేతులతో చేసుకుంటుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. బజారు నుండి ఉప్పు, పప్పు, నూనె తప్ప ఏమీ కొనడం లేదని నలుగురికీ చెప్పుకొని మురిసిపోయేదాన్ని.

ఆదివారం ఆరాధనకు వెళ్ళేటప్పుడు సంచి నిండా కూరగాయలు తీసుకువెళ్ళి సంఘంలోని వారికి పంచేదాన్ని. "ఇవి మందు కొట్టని కూరగాయలండీ" అని ప్రతివారికీ చెప్పేదాన్ని. వారు సంతోషించి "దేవుడు మీ చేతుల కష్టాన్ని దీవించాడు" అనేవారు. ఆ మాట వినడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. అంత ఇష్టంగా ఉండడమే ప్రమాదమని అప్పుడు నాకు తెలియలేదు.

2018 క్రిస్మస్ నాటికి చిక్కుడు పాదుకు పేనుబంక పట్టింది. వేపనూనె కొట్టాం, బూడిద చల్లాం. తగ్గలేదు. పాదంతా నల్లబడి పూత రాలిపోతోంది. మావారు పొరుగు రైతును అడిగితే ఆయన తన పొలానికి తెచ్చుకున్న మందులో కొంచెం ఇస్తానన్నాడు. తీసుకురావడానికి సీసా కావాలి. క్రిస్మస్‌కు వచ్చిన చుట్టాలు తాగేసిన కూల్ డ్రింకు సీసా ఒకటి వంటింటి గుమ్మం దగ్గర ఉంది. దాన్ని కడిగి నేనే మావారి చేతికిచ్చాను. సాయంత్రం ఎవరూ చూడకుండా మందు కొట్టారు. మిగిలింది మళ్ళీ పనికొస్తుందని సీసా మూత బిగించి, గేదెల పాక గోడ మీద పెట్టారు. దాని మీద పేరు లేదు, గుర్తు లేదు. ఆ మధ్యాహ్నం వరకు అది పిల్లలు తాగే తియ్యని నీళ్ళ సీసా.

మా ఇంట్లో గేదె పాలు పితికి, పాక శుభ్రం చేసి వెళ్ళే సహోదరి మా సంఘస్థురాలే. ఆమె భర్త బెజవాడలో తాపీపనికి వెళ్తాడు. వారికి ఒక్కతే పాప. అప్పటికి ఐదేళ్ళది. సంక్రాంతి సెలవులని ఆ జనవరి నెలలో తల్లి వెంట మా ఇంటికి వచ్చేది. కోడిపిల్లల వెంట పరుగులు తీస్తూ ఆడుకునేది. ఒక ఉదయం నేను పెరుగు చిలుకుతుంటే పాకలోనుండి తల్లి కేక వినబడింది. వెళ్ళి చూసేసరికి పాప నేల మీద కూర్చొని ఉమ్ముతోంది. పక్కన ఆ సీసా పడి ఉంది. కుడితి గోళెం అంచు ఎక్కి అందుకుందట.

పక్కింటావిడ పరుగున వచ్చి ఉప్పునీళ్ళు పట్టించి వాంతి చేయించమంది. మాకు తెలియక పట్టించాం. అంతలోనే పాప నోటివెంట చొంగ కారడం, ఒళ్ళంతా చెమటలు పట్టడం మొదలైంది. పొరుగువారి కారులో ఆసుపత్రికి పరుగెత్తాం. దారి పొడుగునా ఆ తల్లి "యేసయ్యా, యేసయ్యా" అనే మాట తప్ప ఇంకొకటి అనలేదు.

ఆసుపత్రిలో డాక్టరు పాప కళ్ళలోకి లైటు వేసి చూశారు. కంటిపాపలు సూదిమొనల్లా చిన్నవైపోయాయి. ఆయన మా వైపు తిరిగి "ఏ మందమ్మా అది? పేరు చెప్పండి. సీసా తెచ్చారా?" అన్నారు. సీసా తెచ్చాం. కానీ దాని మీద కూల్ డ్రింకు పేరే ఉంది. ఆ ఒక్క క్షణంలో నా మనసులో మెదిలిన ఆలోచనను ఈనాటికీ దేవుని సన్నిధిలో సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. "మాకు తెలియదండీ, పాపకు ఎక్కడో దొరికింది" అని చెప్పేద్దామనిపించింది. మందు కొట్టని కూరగాయలు పంచిన నేను, మా పాకలో పురుగుమందు ఉందని ఆ తల్లి ముందు ఎలా చెప్పను? నేను నోరు తెరవకముందే మావారు ఫోను తీసి పొరుగు రైతును అడిగారు. ఆయన అసలు సీసా చూసి పేరు చదివాడు. మోనోక్రోటోఫాస్. డాక్టరుగారు వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అట్రోపిన్ అనే మందు గంటలు గంటలు ఇస్తూనే ఉన్నారు. పాప ఒక్క గుక్క తాగి, వాసనకు చాలావరకు ఉమ్మేసింది కాబట్టి బ్రతికింది. నాలుగు రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. వాంతి చేయించినందుకు డాక్టరుగారు మమ్మల్ని కోప్పడ్డారు. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే మందు కన్నా ముందు అదే ప్రాణం తీసేదట.

మరుసటి ఆదివారం ఆ సహోదరి సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది. "నా బిడ్డను దేవుడు మరణద్వారం నుండి లేపాడు. టీచరమ్మగారు, మాస్టారుగారు కారులో తీసుకెళ్ళి సహాయం చేశారు" అంది. సీసా ఎవరిదో చెప్పలేదు. అందరూ స్తోత్రం అన్నారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నా దగ్గరకొచ్చి "మీరు లేకపోతే ఆ పిల్ల దక్కేది కాదమ్మా" అన్నాడు. ఇంకొకరు "ఏం చేస్తాం, అంతా దేవుని చిత్తం" అన్నారు. నేను తల వంచుకొని ఇంటికి వచ్చాను. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో మావారు ద్వితీయోపదేశకాండము చదువుతున్నారు. ఇరవై రెండవ అధ్యాయం వచ్చింది. ఎనిమిదవ వచనంలో దేవుడు ఇల్లు కట్టుకునేవానికి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఆ గోడ లేక ఎవరైనా పడి చస్తే ఆ రక్తాపరాధం ఇంటి యజమాని మీదికి వస్తుంది. ఈ వాక్యం ఎన్నోసార్లు చదివాను. దానిలో నా ఇల్లు ఉందని ఆ రాత్రే చూశాను. ఇశ్రాయేలీయులు మిద్దెల మీద ధాన్యం ఆరబోసుకునేవారు, పడుకునేవారు, ప్రార్థన చేసుకునేవారు. మిద్దె ఎక్కడం తప్పని దేవుడు చెప్పలేదు. ఎక్కే మిద్దెకు గోడ కట్టమన్నాడు. గోడ కట్టకుండా, పడినప్పుడు దేవుని చిత్తమనడం ఆయన మీద నింద వేయడమే. సాతాను మన ప్రభువును దేవాలయ శిఖరం మీదికి తీసుకువెళ్ళి దూకమన్నప్పుడు, దూతలు కాపాడతారనే వాగ్దానాన్నే చూపించాడు. ప్రభువు దూకలేదు. కాపుదల ఉన్నదని అజాగ్రత్తగా ఉండడం దేవుని శోధించడమని మనకు నేర్పాడు (మత్తయి 4:5-7).

ఆ తరువాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పినదాన్ని, ఆ రోజు మాట పెగల్లేదు. సీసా మాదేనని, నేనే కడిగి ఇచ్చానని, చిక్కుళ్ళకు మందు కొట్టి కూడా కొట్టలేదని పంచానని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. బయటికి వచ్చాక ఆ సహోదరి నా చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసు అమ్మగారూ. పాకలో సీసా వాసన చూసినప్పుడే తెలిసింది. మీరే చెబుతారని ఎదురుచూశాను" అంది. నన్ను క్షమించినదానికన్నా, రెండు వారాలు నా కోసం ఎదురుచూసిందన్న మాటే నన్ను ఎక్కువగా ఏడిపించింది.

ఆసుపత్రి ఖర్చులో కొంత వారు అప్పు చేసి కట్టారు. మొదట మేము ఐదువేలు సహాయంగా ఇద్దామనుకున్నాం. అప్పుడు నిర్గమకాండము 21వ అధ్యాయం గుర్తుకొచ్చింది. ఒకడు గొయ్యి తవ్వి కప్పకుండా వదిలితే, పొరుగువాని ఎద్దయినా గాడిదయినా అందులో పడి చస్తే, తవ్వినవాడు ఆ నష్టం అచ్చుకోవాలని అక్కడ ఉంది. అంటే అది సహాయం కాదు, బాకీ. ప్రతి రూపాయి లెక్క చూసి, ఆమె భర్త పోగొట్టుకున్న కూలితో సహా చెల్లించాం. ఆమె వద్దంది. "ఇది ధర్మం కాదమ్మా, మేము నీకు పడ్డ అప్పు" అని మావారు చెప్పాక తీసుకుంది.

ప్రియ పాఠకులారా, ఇలాంటిది మా ఇంట్లోనే జరిగిందనుకోకండి. 2013 జులై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో కలిసిన మందు కూడా ఈ మోనోక్రోటోఫాస్ అనేదే. కూరగాయల మీద దీన్ని వాడకూడదని మన దేశంలో చాలా ఏళ్ళ క్రితమే నిషేధం ఉంది. మాకు ఆ సంగతి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. 2023లో కేంద్ర ప్రభుత్వం దీని 36 శాతం ద్రావణాన్ని నిషేధించింది. అయినా మీ ఇంటి అటక మీద, పాక చూరులో పాత సీసా ఉందేమో ఈ రోజే చూడండి.

పెరటి పనులు మానేయమని నేను చెప్పడం లేదు. దేవుడు ఆదామును ఏదెను తోటలో పెట్టినప్పుడు రెండు పనులు అప్పగించాడు. ఒకటి సేద్యం చేయడం, రెండవది కాయడం (ఆది. 2:15). మనం మొదటిది నేర్చుకొని రెండవది మరచిపోతాం. ఆ సంగతి జరిగాక మా ఇంట్లో ఒక్కొక్క పనికీ ఒక్కొక్క పిట్టగోడ కట్టుకున్నాం. మీకు ఉపయోగపడతాయని వ్రాస్తున్నాను.

మొదటిది, మందులు. ఏ మందైనా వచ్చిన సీసాలోనే ఉండాలి. తాగే సీసాలో, తినే డబ్బాలో పోయకూడదు. ఖాళీ డబ్బాను నీళ్ళకు, నూనెకు వాడకుండా చిల్లులు పొడిచి పారేయాలి. మందు సీసా మీద నాలుగు మూలల గుర్తు ఉంటుంది. అందులో రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, పసుపు ఎక్కువ విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. చదువు రానివారు కూడా రంగు గుర్తుపట్టగలరు. మేము ఒక ఇనుప పెట్టె కొని తాళం వేసి, పిల్లలకు అందని ఎత్తున పెట్టాం. కిరోసిన్, ఆసిడ్, ఫినాయిలు కూడా అందులోనే. మన రాష్ట్రంలో 2016 నుండి ప్రకృతి సేద్యం బాగా వ్యాపించింది. మేము కూడా ఇప్పుడు ఆ పద్ధతినే నమ్ముకున్నాం. అయితే పొగాకు, మిరపకాయలు వేసి కాచిన అగ్నిఅస్త్రం కంట్లో పడితే మంటే, కడుపులోకి పోతే ప్రమాదమే. దాన్ని కూడా తాళంలోనే పెడుతున్నాం.

ఎవరైనా పొరపాటున మందు తాగితే వాంతి చేయించకండి. మందు ఒంటి మీద పడితే బట్టలు తీసి సబ్బుతో కడగండి. సీసా తీసుకొని ఆసుపత్రికి పరుగెత్తండి, లేదా 108కి ఫోను చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, సిగ్గుపడి పేరు దాచకండి.

రెండవది, బియ్యంలో పెట్టే మాత్రలు. పురుగు పట్టకుండా ధాన్యం బస్తాల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలకు తేమ తగిలితే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. పడుకునే గదిలో ఆ బస్తాలు ఉంచడం మరణాన్ని పక్కలో పెట్టుకోవడమే. మేము బియ్యం బాగా ఎండబెట్టి, ఎండిన వేపాకు వేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో దాచుకుంటున్నాం.

మూడవది, పాములు. డెల్టాలో నీళ్ళు, వరి, ఎలుకలు ఎక్కడుంటే పాములక్కడే. 2018 వానాకాలంలో దివిసీమలో ఎంతమంది పాము కాటుకు గురై అవనిగడ్డ ఆసుపత్రికి వచ్చారో మనకు గుర్తుంది. కోళ్ళ గూటికి గుడ్ల కోసం, గడ్డివాముకు ఎలుకల కోసం పాము వస్తుంది. మెలితే ద్వీపంలో పుల్లలు ఏరిన పౌలు చేతిని కూడా సర్పం పట్టుకుంది (అపొ. కా. 28:3). పిడకలు, పుల్లలు చేతితో తీసేముందు కర్రతో కదపండి. రాత్రి పాకలోకి టార్చిలైటు లేకుండా వెళ్ళకండి. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు, అందుకే నేల మీద కాక మంచం మీద, దోమతెర కట్టుకొని పడుకోండి. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకండి. కరిచిన చెయ్యి, కాలు కదలనీయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పాము విషానికి ఇంజెక్షను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. ప్రార్థన ఆపవద్దు, కానీ ప్రయాణంలో చేయండి.

నాలుగవది, నీళ్ళు, గుంటలు. బావికి గట్టు, సంపుకు మూత, వాడని బోరు గొట్టానికి బిగించిన మూత ఉండాలి. బుడిబుడి నడకల పిల్లలకు సగం నిండిన బకెట్టు కూడా బావే. గోబర్ గ్యాసు తొట్టిలోకి, మరుగుదొడ్డి గుంటలోకి, పాడుబడిన బావిలోకి ఎవరినీ దింపవద్దు. ఒకరు పడిపోతే తీయడానికి దిగిన ఇంకొకరు కూడా ఆ గాలికే ప్రాణం పోగొట్టుకుంటారు. పది వందలు కూలి ఎక్కువ ఇస్తామని పేదవాణ్ణి అందులోకి దింపడం మనకు తగదు.

ఐదవది, కరెంటు, నిప్పు. మోటారు స్టార్టరును తడి చేత్తో ముట్టుకోవద్దు. ఎలుకలకని, పందులకని గట్టు వెంట కరెంటు తీగ లాగడం నేరం. ఆ తీగకు తగిలేది పొరుగు రైతు కావచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు మా చెల్లెలి ఇల్లు కూడా నీట మునిగింది. నీళ్ళు తీసినా, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మెయిన్ వేయనివ్వలేదు మావారు. ఇక నిప్పు సంగతి నిర్గమకాండము 22:6లో చదవండి. ముళ్ళకంపకు అంటుకున్న మంట పక్కవాని పంట కుప్పను కాల్చేస్తే, అంటించినవాడే అచ్చుకోవాలి. ఎండాకాలం గాలిలో వరిగడ్డి తగులబెట్టేవారు ఈ వాక్యం గుర్తుంచుకోవాలి.

ఆరవది, ఇతరులకు పెట్టే తిండి. ఎలీషా దినాల్లో కరవు కాలమందు ఒకడు పొలానికి పోయి, తనకు తెలియని అడవి కాయలు ఏరి తెచ్చి కుండలో తరిగి వేశాడు. అతనిది మంచి మనసే, కానీ కుండలో విషం కలిసింది (2 రాజులు 4:38-41). వానలకు మొలిచిన తెలియని పుట్టగొడుగులు ఏరి వండవద్దు. కంచెకు వేసిన అడవి ఆముదం గింజలు పల్లీల్లా రుచిగా ఉంటాయని పిల్లలు తింటారు, చూపించి హెచ్చరించండి. పచ్చడి జాడీలో తడి గరిటె పెట్టవద్దు, పైన నూనె తేలుతూ ఉండాలి. బూజు పట్టినది పనివారికి ఇవ్వకండి. మనం తినలేనిది వారికి పెట్టడం ప్రేమ కాదు. జబ్బు చేసి చచ్చిన కోడిని కూడా కోసుకోక, ఎవరికీ ఇవ్వక, పశువైద్యునికి చెప్పి లోతుగా పాతిపెట్టండి.

ఇవన్నీ చదివి ఇన్ని భయాలతో ఎలా బ్రతకాలని అనుకోకండి. పిట్టగోడ ఉన్న మిద్దె మీద పిల్లలు నిర్భయంగా ఆడుకుంటారు. ఆ గోడ కట్టించేది భయం కాదు, పొరుగువాని మీది ప్రేమ. నా ఇంట్లో పడేది నా బిడ్డే కాకపోవచ్చు. పాలు పితకడానికి వచ్చినామె బిడ్డ కావచ్చు. ఇద్దరినీ దేవుడు ఒక్కలాగే లెక్క అడుగుతాడు.

ఆ పాప ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. సెలవుల్లో ఇప్పటికీ మా ఇంటికి వస్తుంది. తాళం పెట్టె దగ్గర గోడకు వేలాడే అట్ట మీద, లోపల ఏమేమున్నాయో దాని చేతే వ్రాయించాను. కిందటి నెలలో వచ్చి అట్ట చదివి, "అమ్మమ్మగారూ, ఫినాయిలు అయిపోయిందిగా, ఇంకా కొట్టేయలేదేం?" అని నన్నే మందలించింది. పెన్ను ఇచ్చి కొట్టేయమన్నాను.

ఈ ఆదివారం ఆరాధన నుండి ఇంటికి వెళ్ళాక, భోజనానికి ముందు ఒక్కసారి మీ దొడ్డంతా తిరిగి చూడండి. ఎక్కడ గోడ కట్టలేదో ప్రభువు మీకు చూపిస్తాడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా చేతి పనులను దీవిస్తున్నందుకు స్తోత్రం. మా అజాగ్రత్తను నీ చిత్తమని చెప్పుకున్న దినములను క్షమించుము. మా ఇంటికి వచ్చే ప్రతి చిన్నవాని ప్రాణం మా ప్రాణమంత విలువైనదిగా ఎంచే మనసు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.